వారాల భోజనం నుంచి ఆదివారం తరగతి దాకా

డిగ్రీ రెండో ఏడాది చదువుతున్న అబ్బాయికి తండ్రి మంచాన పడతాడు. ఆఖరి సంవత్సరంలో ఉన్న అమ్మాయికి మంచి సంబంధం వస్తుంది. సాయంత్రాలు మెడికల్ షాపులో పనిచేసే కుర్రాడిని యజమాని రోజంతా రమ్మని, జీతం రెట్టింపు చేస్తానంటాడు. ఆ ఇళ్లన్నిటిలో ఆ రాత్రి చర్చకు వచ్చే మాట ఒకటే: చదువు మానెయ్యడమా, ఎలాగోలా లాక్కురావడమా? ఈ ప్రశ్నను మనం చాలాకాలంగా మనిషి పట్టుదలకు పెట్టిన పరీక్షగా చూస్తున్నాం. లాక్కొచ్చినవాళ్లకు సన్మానం చేస్తాం, మానేసినవాళ్లకు రాత బాగోలేదంటాం. తెలుగునాట నూట యాభై ఏళ్ల చదువుల చరిత్రను దగ్గరగా చూస్తే ఈ చూపు నిలవదు. సంసారాన్నో సంపాదననో మోస్తూ చదివినవాళ్లలో పట్టుదల ఒక్కదానితో గట్టెక్కినవాళ్లు బహు తక్కువ. ఇంటి వేళలకు, పని వేళలకు తగ్గట్టు చదువు తన వేళలను సడలించుకున్న చోట మామూలు మనుషులు కూడా వేలాదిగా గట్టెక్కారు. సడలించుకోని చోట ఎంత తెలివైనవాళ్లయినా మధ్యలోనే ఆగిపోయారు. ఆ సడలింపు ఎలా మొదలైంది, ఎక్కడ పనిచేసింది, ఎక్కడ చెడింది అన్నది ఇప్పుడు తెలుసుకోవలసిన చరిత్ర.

హాస్టళ్లూ మెస్సులూ లేని రోజుల్లో ఊరు విడిచి చదువుకోవాలంటే మొదటి అడ్డు తిండి. పంతొమ్మిదో శతాబ్దం చివర, ఇరవయ్యో శతాబ్దం మొదట్లో రాజమండ్రి, విజయనగరం, మచిలీపట్నం, కాకినాడ లాంటి చదువుల పట్టణాలకు పల్లెల నుంచి వచ్చిన పేద బ్రాహ్మణ పిల్లలు వారాలు చేసుకునేవారు. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో, అలా ఏడు రోజులకూ ఏడిళ్లు కుదిరితే వారాలబ్బాయి చదువు నిలబడ్డట్టు. ఒక ఇంట్లో అశౌచమో, ఊరు ప్రయాణమో తగిలితే ఆ పూట పస్తు. అంతకంటే పాతది మధూకరం, ఇంటింటా వండిన అన్నం అడిగి తెచ్చుకుని తినడం. ఈ ఆచారాన్ని తలుచుకున్నప్పుడు మనం కుర్రాడి కష్టాన్నే చూస్తాం, ఏర్పాటును చూడం. ఒక మనిషి చదువు ఖర్చు ఒక ఇంటి వల్ల కాదు, ఊరు పంచుకోవాలి అన్న ఒప్పందం అందులో ఉంది. అయితే ఆ ఒప్పందానికి గట్టి కంచె కూడా ఉంది. మాలమాదిగల పిల్లలకు ఏ ఇంటి అరుగూ తెరుచుకోలేదు, రైతుల పిల్లలకు ఆ పద్ధతి దాదాపు అందలేదు, ఆడపిల్లల ఊసే లేదు. ఏడిళ్లలో వండి వడ్డించిన ఆడవాళ్లే ఆ చదువులను మోశారు, వాళ్లలో ఎందరికి అక్షరాలు వచ్చో ఎవరూ లెక్క రాయలేదు. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ మొదలైంది. కొత్వాలుగా పేరుపొందిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి దానికి అండగా నిలిచారు. తర్వాత ఒక్కొక్క కులం, ఒక్కొక్క సంఘం తమ పిల్లలకు వసతిగృహాలు కట్టుకున్నాయి. ఆ తర్వాతి కాలంలో ప్రభుత్వ సాంఘిక సంక్షేమ హాస్టళ్లు వచ్చాయి. వారాలు, హాస్టళ్లు రెండూ కలిసి తిండి చిక్కును తీర్చాయి. ఇంకో చిక్కు మిగిలే ఉంది: కొడుకు లేకపోయినా ఇల్లు గడిచే కుటుంబం నుంచి వచ్చినవాడికే అవి పనికొచ్చాయి. నెల తిరిగేసరికి ఇంటికి నాలుగు రూపాయలు పంపవలసినవాడికి పట్నంలో పట్టెడన్నం దొరికినా చదువు దొరకలేదు.

ఇల్లు విడవడానికి వీల్లేనివాళ్ల సంగతి భండారు అచ్చమాంబ జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. 1874లో పుట్టిన ఆమెకు పదో ఏట పెళ్లయింది. భర్త ఉద్యోగం నాగపూరు ప్రాంతంలో. ఆమె తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు అక్కగారింట్లో ఉండి చదువుకుని, పట్టభద్రుడై, తెలుగు చరిత్ర పరిశోధనకు దారి వేసినవాడయ్యాడు. ఆ అక్క అదే ఇంట్లో, అదే తమ్ముడి సాయంతో తెలుగు, హిందీ, మరాఠీ నేర్చుకుంది, ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’ రాసింది, 1902లో మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం ఏర్పడటానికి తోడ్పడింది, 1905లో చనిపోయింది. ఒకే ఇంట్లో, ఒకే దీపం కింద జరిగిన రెండు చదువులివి. ఒకదానికి కళాశాల, పరీక్ష, పట్టా ఉన్నాయి. రెండోదానికి ఇవేవీ లేవు. అచ్చమాంబ పాండిత్యం తమ్ముడిదానికి తీసిపోయిందని ఆమె రచనలు చదివినవారెవరూ అనలేరు. కానీ ఆ పాండిత్యం ఆమెకు ఉద్యోగాన్ని గానీ, ఇంకొకరికి పాఠం చెప్పే అధికారిక అర్హతను గానీ ఇవ్వలేదు. సంసారంలో ఉన్న మనిషి నేర్చుకోలేదన్నది అబద్ధమని ఈ ఒక్క ఇల్లు తేల్చేసింది. లోటల్లా ఆ నేర్చినదాన్ని కొలిచి, ముద్ర వేసి ఇచ్చే వ్యవస్థ ఆమె గడప దాకా రాకపోవడమే.

ఆ వ్యవస్థ మొదట ప్రైవేటు పరీక్ష రూపంలో వచ్చింది. మన ఇళ్లలో ఇప్పటికీ వినిపించే ‘ప్రైవేటుగా కట్టాడు’ అన్న మాట వెనక చిన్న విప్లవం ఉంది. పాఠశాలలో కూర్చున్నావా లేదా అని అడగకుండా, వచ్చా రాదా అని మాత్రమే అడగడం అది. న్యాయవాద వృత్తిలో ఇలాంటి మెట్టొకటి ఉండేది. బి.ఎల్. పట్టా లేకపోయినా పరీక్ష ప్యాసై కింది కోర్టుల్లో వాదించగల రెండో తరగతి ప్లీడర్లు ఉండేవారు. టంగుటూరి ప్రకాశం ఆ మెట్టెక్కినవాడే. చిన్నప్పుడే తండ్రి పోయాడు, తల్లి సుబ్బమ్మ ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడిపి పిల్లల్ని పెంచింది. ప్లీడరు పరీక్ష ప్యాసై, రాజమండ్రిలో ప్రాక్టీసు పెట్టి, పురపాలక సంఘం అధ్యక్షుడు కూడా అయ్యాక, 1904లో బారిస్టరు చదువుకు ఇంగ్లండు వెళ్లి 1907లో తిరిగొచ్చాడు. రెండో తరగతి ప్లీడరు హైకోర్టులో వాదించడానికి లేదు కాబట్టి ఆ ప్రయాణం అవసరమైంది. ఈ కథను మనం అసాధారణమైన ఎదుగుదలగా చెప్పుకుంటాం. దాని వరస గమనించాలి: మొదట తక్కువ కాలంలో తిండిపెట్టే అర్హత, తర్వాత సంపాదన, తర్వాత సొంత డబ్బుతో పెద్ద చదువు. ఆ మొదటి చిన్న మెట్టు లేకపోతే రెండోది లేదు. గుర్రం జాషువాదీ ఇలాంటి వరసే, అయితే ఎన్నో రెట్లు బరువైంది. 1895లో వినుకొండలో పుట్టి, 1910లో పెళ్లయి, రాజమండ్రిలో మూకీ సినిమాలకు తెర పక్కన నిలబడి కథా సంభాషణలూ చెప్పి, గుంటూరులో లూథరన్ చర్చి శిక్షణాలయంలో పాఠాలు చెప్పి, 1928 నుంచి ప్రభుత్వ పాఠశాలలో తెలుగు పండితుడిగా పనిచేశాడు. అంటరానితనం తరగతి గదిలోనూ వెంటాడే కాలంలో, పండిత పరీక్షల లాంటి దారులే అలాంటివారికి ఉద్యోగపు తలుపు తీశాయి. పరీక్ష పేపరు మీద కులం ఉండదు. ఉద్యోగం వచ్చాక అవమానాలు తప్పలేదు, అది వేరే సంగతి. జీతం మాత్రం వచ్చింది.

ప్రకాశం, జాషువా లాంటివాళ్లను ఉదాహరణగా చూపిస్తే వెంటనే ఒక అభ్యంతరం వస్తుంది. వాళ్లు అసాధారణులు, ఏ దారిలో పంపినా గమ్యం చేరేవారు, వాళ్లతో మామూలు మనిషికి ఏం రుజువవుతుంది అని. న్యాయమైన ప్రశ్నే. దానికి జవాబు పేరున్నవాళ్లలో దొరకదు, హిందీ పరీక్షల్లో దొరుకుతుంది. 1918లో మద్రాసులో మొదలైన దక్షిణ భారత హిందీ ప్రచార సభ ప్రాథమిక, మధ్యమ, రాష్ట్రభాష, ప్రవేశిక, విశారద, ప్రవీణ అని మెట్లు కట్టి పరీక్షలు పెట్టింది. తెలుగు ఊళ్లలో ఇవి ఎంత లోతుకు వెళ్లాయో ఇప్పటి తరానికి ఊహకు అందదు. మధ్యాహ్నం వంటింటి పని ముగిశాక వీధి చివర ప్రచారకుడి ఇంటి వసారాలో పాఠం, ఆ పట్టణంలోనే పరీక్ష కేంద్రం, ఫీజు తక్కువ, తప్పితే మళ్లీ కట్టుకోవచ్చు. తల్లీ కూతురూ ఒకే బల్ల మీద కూర్చుని రాసిన పరీక్షలవి. ఇందులో మూడు విషయాలు ఒకచోట కలిశాయి. పరీక్షకు హాజరుతో పని లేదు. అయినా నేర్చుకునేవాళ్లు ఒంటరిగా లేరు, పాఠం చెప్పే మనిషి నడిచి వెళ్లే దూరంలో ఉన్నాడు. పై మెట్లకు చేరినవారికి బడిలో హిందీ పండిట్ ఉద్యోగానికి ఆ పట్టా చెల్లింది. ఉర్దూ మాధ్యమం రాజ్యమేలిన నిజాం ప్రాంతంలో 1943లో ఏర్పడిన ఆంధ్ర సారస్వత పరిషత్తు తెలుగు పరీక్షలు కూడా ఈ నమూనాలోనే నడిచాయి. సాహిత్య చరిత్రలు పరిషత్తు ప్రచురణలను, సభలను పొగుడుతాయి. నా లెక్కలో పగలు పనిచేసుకునే మనుషుల చేత తెలుగు చదివించిన ఆ పరీక్షలు వాటికంటే గొప్పవి.

నిజాం హైదరాబాదులో ఇంకో తరహా వంతెన కూడా పడింది. 1918లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో బోధన ఉర్దూలో. తెలుగు మాట్లాడే ఆడపిల్లకు పై చదువు ఇంటి కట్టడికి తోడు భాష కట్టడి కూడా దాటితేనే. 1928లో మాడపాటి హనుమంతరావు ఆధ్వర్యంలో మొదలైన తెలుగు బాలికల పాఠశాల ఆ పరిస్థితుల్లో స్థానిక గుర్తింపు కోసం కూర్చోకుండా, పుణేలో కర్వే 1916లో స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయం వైపు చూసింది. అమ్మభాషలో బోధన ఆ విశ్వవిద్యాలయపు మూలసూత్రం. దగ్గరి తలుపు మూసి ఉంటే దూరపు తలుపు తట్టడం అన్న ఈ ఉపాయం ఆ కాలపు ఆడపిల్లల చదువుల్లో పదే పదే కనిపిస్తుంది. దాని పూర్తి రూపం దుర్గాబాయి దేశ్‌ముఖ్ కథలో ఉంది.

1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదో ఏట పెళ్లి చేశారు. పెద్దయ్యాక ఆ పెళ్లిని ఆమె కాదనుకుంది. చిన్న వయసులోనే కాకినాడలో బాలికా హిందీ పాఠశాల నడిపింది, ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లింది. జైలు నుంచి వచ్చాక మెట్రిక్ చదవాలనుకున్నప్పుడు ఆమె వయసు ఇరవై దాటింది. క్రమంగా తరగతులెక్కి వచ్చిన పిల్లలతో కలిసి బడిలో కూర్చునే వయసు కాదు. బనారస్ హిందూ విశ్వవిద్యాలయం మెట్రిక్ పరీక్షే ఆమెకు దొరికిన దారి. అది ప్యాసై, ఇంటర్ పూర్తి చేసి, బి.ఏ. ఆనర్స్‌కు వాల్తేరులో ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వెళితే, ఆడపిల్లలకు వసతి లేదన్నది అడ్డొచ్చింది. వసతి లేక చదువు ఆపుకున్న అమ్మాయిలు తనలా ఇంకా ఉంటారని ఆమె పత్రికలో ప్రకటన ఇచ్చింది, పదిమంది దాకా తేలారు, వాళ్లే కలిసి హాస్టల్ పెట్టుకున్నారు. 1942లో మద్రాసులో న్యాయశాస్త్ర పట్టా తీసుకుంది. 1946లో రాజ్యాంగ సభకు వెళ్లింది. ఈ ఘట్టాల మధ్య, 1937లో, ఆమె ఆంధ్ర మహిళా సభ స్థాపించింది. తను నడిచిన బనారస్ దారినే అక్కడ తరగతులుగా మార్చి, మద్రాసులోని తెలుగు అమ్మాయిలను అదే మెట్రిక్‌కు కూర్చోబెట్టింది. తన చదువు అయిపోయాక దారి మూసుకుపోకుండా చూడటం ఆమె చేసిన అసలు పని. వాల్తేరు ప్రకటన విషయంలోనూ అంతే. ఒక్క మనిషికి వసతి అడిగి ఉంటే కాదనడం తేలిక. పదిమంది జమకూడాక కాదనడం కష్టం. చదువు మానాలా వద్దా అన్నది ఎవరికి వారు ఒంటరిగా తేల్చుకోవలసిన సమస్యగా ఆమె ఎప్పుడూ చూడలేదు.

ఆ చూపే 1953లో ఆమె అధ్యక్షురాలైన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ద్వారా దేశమంతటి పథకమైంది. 1958లో మొదలైన సంక్షిప్త విద్యా కోర్సులు మధ్యలో చదువాగిన పెద్ద వయసు ఆడవాళ్లను, వితంతువులను, భర్తలు వదిలేసినవాళ్లను రెండేళ్లలో మెట్రిక్ స్థాయికి తెచ్చి, ఉపాధ్యాయినులుగా, నర్సులుగా, గ్రామసేవికలుగా వెళ్లే అర్హత ఇచ్చాయి. ఎనిమిదో పదో ఏళ్లలో నేర్చేది పెద్దవాళ్లు రెండేళ్లలో నేర్వగలరు, ఎందుకంటే వాళ్లకు జీవితం ఇప్పటికే కొంత నేర్పింది అన్న నమ్మకం దాని పునాది. మన విద్యాశాఖలు ఈనాటికీ ఆ నమ్మకాన్ని పూర్తిగా అందిపుచ్చుకోలేదు. ఇరవై ఎనిమిదేళ్ల తల్లినీ పద్దెనిమిదేళ్ల పిల్లనూ ఒకే హాజరు పట్టీలో, ఒకే వేగంతో నడిపించడం సమానత్వం అనుకుంటున్నాయి. పెళ్లి వయసు చట్టాలను కూడా ఈ లెక్కలో కలిపి చూడాలి. 1929 శారదా చట్టం ఆడపిల్లకు పద్నాలుగేళ్లు అంది, 1978 సవరణ పద్దెనిమిదికి పెంచింది. ఆ సవరణతో హైస్కూలు, ఇంటర్మీడియట్ ఏళ్లు పెళ్లి నీడ నుంచి కొంతవరకు బయటపడ్డాయి. పద్దెనిమిది నిండే సమయం సరిగ్గా డిగ్రీ గుమ్మం దగ్గర పడింది. అంటే పెళ్లి మాటలు మొదలయ్యే ఏళ్లు, కళాశాల ఏళ్లు ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ‘పెళ్లయ్యాక చదువుకోవచ్చులే’ అన్న హామీ ఆ తర్వాతి తరాల ఇళ్లలో అంతగా వినిపించడానికి కారణం ఇదే. హామీ ఇచ్చేవారి మంచితనం మీద ఆ అమ్మాయి చదువు ఆధారపడకూడదంటే, పెళ్లయినా నడిచే చదువు బయట సిద్ధంగా ఉండాలి.

అలాంటి చదువును ప్రభుత్వం పెద్ద ఎత్తున తలకెత్తుకోవడం 1962లో ఢిల్లీ విశ్వవిద్యాలయం కరస్పాండెన్స్ కోర్సులతో మొదలైంది. 1964–66 మధ్య పనిచేసిన కొఠారి కమిషన్ మరో అడుగు ముందుకేసి, 1986 నాటికి ఉన్నత విద్యలో మూడో వంతు చేరికలు కరస్పాండెన్స్, సాయంత్రం కళాశాలల ద్వారానే ఉండాలంది. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1972లో, ఉస్మానియా 1977లో పోస్టులో పాఠాలు పంపడం మొదలుపెట్టాయి. బ్యాంకు గుమాస్తాలు, ప్రాథమిక పాఠశాల టీచర్లు, పోలీసు కానిస్టేబుళ్లు, పురిటికి పుట్టింటికి వచ్చిన కోడళ్లు, ఇలాంటివారికి ఆ పోస్టు కట్ట కళాశాల అయింది. ఉస్మానియాలో అది మొదలైన కాలంలో ఉపాధ్యక్షుడిగా ఉన్న జి.రాంరెడ్డి దాన్ని అంతటితో ఆపలేదు. భవనం వెంకట్రామ్ ముఖ్యమంత్రిగా ఉండగా 1982 ఆగస్టు 26న ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. దేశంలో అదే మొదటిది. బ్రిటన్‌లో అలాంటిది విద్యార్థులను చేర్చుకోవడం మొదలుపెట్టి అప్పటికి పదకొండేళ్లే. రాంరెడ్డి దీనికి తొలి ఉపాధ్యక్షుడై, 1985లో ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయానికీ తొలి ఉపాధ్యక్షుడయ్యారు. మన విశ్వవిద్యాలయానికి 1991లో డాక్టర్ బి.ఆర్.అంబేడ్కర్ పేరు పెట్టారు. దానిలో రెండు నిర్ణయాలు చరిత్రలో నిలిచేవి. పద్దెనిమిదేళ్లు నిండినవారు ఏ సర్టిఫికెట్ లేకపోయినా అర్హత పరీక్ష ప్యాసైతే డిగ్రీలో చేరవచ్చన్నది ఒకటి. పాఠాలు తెలుగులో రాయించి, ఊరి డిగ్రీ కళాశాలనే అధ్యయన కేంద్రంగా చేసి, ఆదివారాలు, సెలవు రోజుల్లో అక్కడే తరగతులు పెట్టడం రెండోది. వారం పొడుగునా మూసి ఉన్నట్టు కనిపించిన కళాశాల గేటు ఆదివారం తెరుచుకుంది. సోమవారం నుంచి శనివారం దాకా పనిలో ఉండేవాళ్లు ఏడో రోజున విద్యార్థులయ్యారు. హిందీ ప్రచారకుడి వసారాలో కలిసిన మూడు విషయాలూ, హాజరు సడలింపు, దగ్గరలో మనిషి, చెల్లుబాటయ్యే పట్టా, మళ్లీ ఒకచోట కలిసింది ఇక్కడే.

ఇది రెండో రకం చదువు, పట్టా మాత్రమే మిగులుతుంది, విద్య రాదు అని కళాశాల అధ్యాపకుల్లో చాలామంది అంటారు. ఈ విమర్శలో నిజం ఉంది, దాన్ని దాచడం తప్పు. దూరవిద్య పేరుతో ఊరూరా ఫ్రాంచైజీ కేంద్రాలు తెరిచి, తరగతి అన్నది లేకుండా ఫీజులు దండుకున్న కాలం మనం చూశాం. డీమ్డ్ విశ్వవిద్యాలయాలు దూరవిద్యలో ఇచ్చిన ఇంజనీరింగ్ డిగ్రీలను 2017 నవంబరులో సుప్రీంకోర్టు పక్కన పెట్టినప్పుడు, వాటిని నమ్మి ప్రమోషన్లు తెచ్చుకున్న ఉద్యోగులు నడివయసులో మళ్లీ పరీక్ష రాయవలసి వచ్చింది. ప్రయోగశాల లేకుండా ఇంజనీరింగ్ నేర్పుతామనడం మోసమే. కానీ చెడింది ఎక్కడో చూడాలి. హాజరు సడలించడం వల్ల ఆ చదువులు చెడలేదు. దగ్గరలో పాఠం చెప్పే మనిషిని తీసేసి, ఆ ఖర్చును లాభంగా మిగుల్చుకోవడం వల్ల చెడ్డాయి. అధ్యయన కేంద్రంలో మంచి కౌన్సెలర్ ఉన్నచోట ఆదివారం తరగతి రెగ్యులర్ తరగతికి తీసిపోదు. రెగ్యులర్ కళాశాలలోనూ హాజరు పట్టీలో సంతకం తప్ప చదువు లేని గదులు తక్కువేం లేవు. నాణ్యతను నిలబెట్టేది విద్యార్థి ఎన్ని రోజులు బల్ల మీద కూర్చున్నాడన్న లెక్క కాదని అందరికీ తెలుసు, ఈ దారి విషయంలోనే మరిచిపోతాం.

నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన అభ్యంతరం వేరే ఉంది. ఇంటి నుంచి చదివే వీలు కల్పించడమంటే ఆడపిల్లను ఇంటికే కట్టేయడానికి సాకు ఇవ్వడం కాదా అని స్త్రీ విద్య కోసం పాటుపడినవారే అడుగుతారు. ‘కాలేజీకెందుకు, ఇంట్లో కూర్చుని కట్టు’ అని కూతురితో అని, కొడుకును మాత్రం పట్నం పంపే ఇళ్లు ఈనాటికీ ఉన్నాయి. కళాశాల అంటే పాఠమే కాదు. స్నేహితులు, గ్రంథాలయం, బస్సు ప్రయాణం, సొంతంగా నాలుగు నిర్ణయాలు తీసుకునే చోటు. అది పోగొట్టుకున్న అమ్మాయికి పట్టా దానికి బదులు కాదు. ఈ మాటకు నేను పూర్తిగా ఒప్పుకుంటాను, అందుకే చెల్లెలిని ఇంట్లో కూర్చోబెట్టి దూరవిద్యలో చేర్పించడం ఖర్చు తగ్గించే ఉపాయంగా చూసే అన్నలను సమర్థించను. అయితే దుర్గాబాయి రెండు దారులనూ వాడుకున్న తీరులో దీనికి సమాధానం ఉంది. మెట్రిక్‌కు ఆమె పక్కదారినే వచ్చింది, కానీ ఆ దారి ఆమెను వాల్తేరు తరగతి గదికి, అక్కడి నుంచి మద్రాసు న్యాయ కళాశాలకు చేర్చింది. పక్కదారి వెళ్లి పెద్దదారిలో కలిసినంత కాలం అది మేలు. కలవకుండా గోడకు తగిలే పక్కదారిని ఒప్పుకోకూడదు. సార్వత్రిక డిగ్రీతో రెగ్యులర్ పి.జి.లో, బి.ఎడ్.లో, పోటీ పరీక్షల్లో అడుగుపెట్టే హక్కు కోసం కొట్లాడవలసింది అందుకే.

ఒకసారి మానేసినవారు తిరిగి రారు కాబట్టి మధ్యలో ఆగే వీలే ఇవ్వకూడదు అన్న వాదన కూడా బలమైనదే. చాలా ఇళ్లలో అదే జరిగింది. ఏడాది విరామం అనుకున్నది జీవితకాలమైంది. కానీ తిరిగి రానివాళ్లలో ఎంతమందికి తిరిగి రావడానికి చోటుంది? 2020 జాతీయ విద్యా విధానం ఆ చోటును కాగితం మీద కల్పించింది. ఏడాదికి సర్టిఫికెట్, రెండేళ్లకు డిప్లొమా, మూడేళ్లకు డిగ్రీ, నాలుగేళ్లకు ఆనర్స్ అని మెట్లు పెట్టి, చదివిన క్రెడిట్లను 2021 నుంచి అకడమిక్ బ్యాంకులో దాచే ఏర్పాటు చేసింది. అదే ఏడాది యు.జి.సి. డిగ్రీ, పి.జి. విద్యార్థినులకు ప్రసూతి సమయంలో హాజరు సడలింపు ఇచ్చేలా నిబంధనలు చేసుకోమని విశ్వవిద్యాలయాలకు రాసింది. పరిశోధక విద్యార్థినులకు 240 రోజుల సెలవు 2016 నుంచే ఉంది. ఇవి మంచి పనులు. కానీ బ్యాంకులో పెట్టిన క్రెడిట్లకు గరిష్ఠ ఆయుష్షు ఏడేళ్లు. ఇరవయ్యో ఏట పెళ్లయి, ఇద్దరు పిల్లల్ని కని, చిన్నవాడిని బడిలో వేసి తీరిక చేసుకునే తల్లికి ఆ ఏడేళ్లు చాలవు. ఇక డబ్బు దగ్గరికి వస్తే విధానం చెప్పేదొకటి, ఖజానా చేసేదొకటి. 2008–09 నుంచి లక్షల పేద కుటుంబాల పిల్లలను డిగ్రీ, ఇంజనీరింగ్ చదివించిన ఫీజు రీయింబర్స్‌మెంట్ పథకం తెలుగునాట గొప్ప మేలు చేసింది. దాని షరతు 75 శాతం హాజరు, దాని పరిధి రెగ్యులర్ కోర్సులు. దూరవిద్యను ఆ పథకం బయటే ఉంచారు. పగలంతా ఖాళీగా ఉండగలిగినవాడికి ప్రభుత్వం ఫీజు కడుతోంది, పగలు పనిచేసి ఇల్లు నడిపేవాడు తన ఫీజు తానే కట్టుకుంటున్నాడు. వారాల కాలంలో ఉన్న కంచె కులానిది. ఇప్పటి కంచె గంటలది. ఇది సరిదిద్దవలసిన అన్యాయం, సరిదిద్దడానికి కొత్త చట్టం అక్కర్లేదు, ఒక ప్రభుత్వ ఉత్తర్వు చాలు.

ఈ జూన్‌లో చదువు మానేద్దామా అని తేల్చుకుంటున్నవారు, వారి తల్లిదండ్రులు, అత్తమామలు ఒక్క మాట వినాలి. కళాశాల ఆఫీసులో టి.సి. అడిగే ముందు మూడు వివరాలు అడిగి రాయించుకోండి: ఇప్పటిదాకా చదివిన క్రెడిట్లు మీ పేరున నమోదయ్యాయా, మీ విశ్వవిద్యాలయంలో ప్రసూతికి గానీ అనారోగ్యానికి గానీ హాజరు సడలింపు ఉందా, మీ ఊరికి దగ్గరలో సార్వత్రిక విశ్వవిద్యాలయం అధ్యయన కేంద్రం ఎక్కడుంది. మొదటి రెండూ రిజిస్ట్రారు కార్యాలయం చెప్పి తీరాలి. మూడోది ఆదివారం ఉదయం మీ దగ్గరి ప్రభుత్వ డిగ్రీ కళాశాల గేటు దగ్గరికి వెళ్లి అడిగితే తెలుస్తుంది.